యింటిల్లిపాదీ తోటకు!

కార్తీకమాసంలో ఉసిరిచెట్టు క్రింద విస్తళ్ళు వేయటం మన పెద్దలు పెట్టిన ఆచారం. పట్నంలో ఉసిరిచెట్టు మాట అటుంచి అసలు పెరడే లేకపోయె! మూడో అంతస్తులో పెరిగే పిల్లవాడికి పరుగెత్తటానికి వరండా పొడుగే గతి. అందుకని నెలకొక్క ఆదివారమైనా యింటిల్లిపాదీ తోటకు పోవాలి. హైదరాబాదు వారికి నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్సు వుండనే వున్నది. పాతకాలం వారికది బాగె ఆం.

చేరటం సులువే. 2018 నుంచీ మెట్రో రైలు ఆ ప్రక్కగానే పోతున్నది. అసెంబ్లీ స్టేషనులోగాని, నాంపల్లిలోగాని దిగవచ్చు. కష్టమంతా బయలుదేరటంలో వున్నది. షికారంటే అందరికీ సెలవు, అమ్మకు మాత్రం రెట్టింపు చాకిరి! తెల్లవారుజామున లేచి గారెలు వేయించి, డబ్బాలన్నీ సర్దిన యిల్లాలు తోట చేరేసరికి చెట్టునానుకుని కునుకు తీస్తుంది. కనుక మొదటి నియమం: వంటకాలు రెండే, పులిహోర, దద్ధ్యోజనం. పులిహోర పులుసు శనివారం రాత్రే ఉడికించి వుంచుకోవాలి. మంచినీళ్ళు, జంపఖానా, పిల్లల మారుబట్టలు మోసే భారం మగవారిది.

రెండవది వేళ. నవంబరు మొదలు ఫిబ్రవరి దాకా అనువైన కాలం. ప్రొద్దున్నే చేరితే ఆటలకు రెండు మూడు గంటలు చిక్కుతాయి. ఎండ ముదిరితే ఇనుప జారుడుబల్ల పెనమే! పిల్లవాణ్ణి ఎక్కించేముందు అరచేత్తో తాకి చూడండి. ఉయ్యాల వూగుతుంటే ముందూ వెనకా పసివాళ్ళు నిలబడకుండా ఒకరు కాపలా వుండాలి. పెద్దపిల్లలు వంతులకు తగువులాడితే గడియారాన్ని మధ్యవర్తిని చేయండి.

ఆకలికి ఏడుపు మొదలు కాకముందే భోజనాలు కానివ్వాలి. తినటానికి వీలిచ్చిన చోటే కూర్చుని, లేచేటప్పుడు ఎంగిలాకులూ కాగితాలూ ఏరి తీసుకుపోవాలి.

మధ్యాహ్నపుటెండకు తోటలోని పురావస్తు మ్యూజియం చల్లని నీడ. ఆనాడది సెలవు కాదని ముందే కనుక్కోండి. 1930లో ఏర్పడిన ఆ మ్యూజియంలో రెండువేల యేళ్ళు దాటిన ఈజిప్టు మమ్మీ ఒకటి వున్నది. “ఎవరామె? యిక్కడి కెట్లా వచ్చింది?” అని పిల్లలు నిలదీస్తారు. తండ్రిగారు జవాబులతో సిద్ధంగా వుండటం మేలు.

తాతగారికేం పని అంటారా? ఆయనకే అందరికన్నా పెద్ద పని! 1963లో మీరాలం చెరువు వద్ద నెహ్రూ జంతు ప్రదర్శనశాల తెరిచేదాకా నగరపు జంతువులు యీ తోటలోనే వుండేవి. చిన్ననాడు తాము నిలబడి చూచిన చోటు చూపగలవారు నానాటికీ తగ్గిపోతున్నారు. ఆ చోటు మనుమడికి తాతే చూపాలి. జారుడుబల్ల ఏ తోటలోనైనా దొరుకుతుంది, ఆ మాట దొరకదు.

నాలుగింటికల్లా తిరుగు ముఖం పట్టండి, మర్నాడు బడి వున్నది గదా! ఒక్క షరతు: ఆ రాత్రి “వంటేమిటి?” అని మాత్రం ఎవరూ అడగరాదు.