కారుకు విగ్రహవాక్యం

చాలా రోజుల తరువాత టపా రాస్తున్నాను. పద్యమో, సంధికార్యమో ఉంటుందనుకొని వచ్చినవారికి ఈసారి ఇంజనాయిలు వాసన తగులుతుంది. మన్నించాలి. వ్యాకరణం మాత్రం నన్ను విడిచిపెట్టలేదు, దారి తప్పి అక్కడికే చేరాను.

మా ఇంట్లో 1997 నాటి మారుతి 800 ఉంది. ఓర్వకల్లు రాతిగుట్టలకు ఉన్నంత కాకపోయినా దానికీ వయసు మీద పడింది. 2021లో మా ఊరి పొలిమేరకు విమానాలు వచ్చాయి గానీ, మోకాళ్ళ నొప్పితో బస్సు మెట్లు ఎక్కలేని మా ఆవిడను పదిహేను రోజులకొకసారి కర్నూలు ఆసుపత్రికి చేర్చేది ఈ కారే. పిల్లలు కొత్తది కొనమంటారు. కొనడం చెప్పినంత తేలిక కాదు.

మొన్న వేసవిలో ఇంజను వెనుకవైపు నుండి ఆయిలు కారి, కాలిన వాసన మొదలైంది. రహదారి పక్క వేపచెట్టు కింద షెడ్డు వేసుకున్న మెకానిక్కు దగ్గరికి తీసుకుపోయాను. వాడు నా శిష్యుడే. ఎనిమిదో తరగతిలో వాడిచేత సవర్ణదీర్ఘసంధి చెప్పించలేక విసిగి, "నీకు చదువు అంటదురా, పోయి పానాలు పట్టుకో" అన్నాను. వాడు తొమ్మిదో తరగతికి రాలేదు. దానికి నా మాటే కారణమో, ఇంటి పరిస్థితులో నేను ఏనాడూ విచారించలేదు.

"డెల్కో కాడ కారుతాంది సార్. సీలు తేవాల" అన్నాడు బానెట్టు ఎత్తి.

డెల్కో అంటే ఏమిటో నాకు తెలియదు. ఇంటికి వచ్చి వెదికితే, అది వస్తువు పేరే కాదు! అమెరికాలో 1909లో పుట్టిన ఒక కంపెనీ పేరులోని మాటల తొలి అక్షరాలట. స్పార్కు ప్లగ్గులకు వంతులవారీగా విద్యుత్తు పంచే భాగాన్ని అసలు పుస్తకాలు డిస్ట్రిబ్యూటర్ అంటాయి. మన మెకానిక్కులు ఆ కంపెనీ పేరునే నామవాచకం చేసేశారు. స్టెప్నీ కూడా అంతే, వేల్సు దేశంలోని ఒక వీధి పేరు. రూఢ్యర్థం గురించి ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినవాడిని, ఇంత మంచి ఉదాహరణలు కారులో పెట్టుకొని తిరిగానని తెలియలేదు.

కర్నూలులో ఒక దుకాణంలో "డెల్కో సీలు" అని అడిగితే ఒకటి ఇచ్చారు. కుదరలేదు. మళ్ళీ పోతే మరొకటి. బిగించిన నాలుగో రోజుకు మళ్ళీ ఆయిలు కారింది. మూడోసారి ఆ దుకాణదారు, "నంబరు తెండి సార్, పేరుతో పనికాదు" అన్నాడు. ఒక వర్క్‌షాపులో విచారిస్తే, ఆ పుస్తకాలు బయటివారికి చూపించరన్నారు.

కారుకు మూడు రకాల పుస్తకాలుంటాయని అప్పుడు తెలిసింది. ఒకటి మన చేతికిచ్చేది: టైరులో గాలి ఎంత, దీపం ఎట్లా వెలిగించాలి అని చెప్పేది. రెండవది సర్వీసు మాన్యువల్: విప్పడం, బిగించడం, ఏ బోల్టును ఎంత బలంతో తిప్పాలన్నది అందులో ఉంటుంది. మూడవది విడిభాగాల పట్టిక. తరువాతి రెండూ కంపెనీలు తమ వర్క్‌షాపుల కోసం అచ్చువేసుకున్నవి.

కారు కొన్నవాడికి దాని శాస్త్రం ఎందుకు దక్కకూడదన్న వాదన నా ఒక్కడిది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లో దీనిమీద ఓట్లు వేసి చట్టం తెచ్చుకున్నారు. మన దేశంలో 2014 ఆగస్టు 25న కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి 2,544.65 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం, దోషం కనిపెట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వలేదన్నది అందులోని ముఖ్య విషయం. కంపెనీలు అప్పీళ్ళకు పోయాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టలు కూడా తెరిచింది. ఇదంతా కొత్త బండ్లవారికి పనికివస్తుంది. 2014 జనవరిలో తయారీయే ఆగిపోయిన కారు కలవాడికి వేరే దారి కావాలి.

అంతర్జాలంలో దింపుకోవడానికి దొరికినవాటిలో సగం మొదటిరకం పుస్తకాలే, పేరు మాత్రం మాన్యువల్ అని. విచిత్రమేమంటే, మా కారులోని 796 సి.సి. ఇంజను, సుజుకీవారి ఎఫ్8బి, పాకిస్తానులో మెహ్రాన్ అనే కారులోనూ ఉంది. అది 2019 దాకా అక్కడ తయారైంది. సరిహద్దు ఆవలి మెకానిక్కుల కాగితాలు ఈవల నాకు చాలా నేర్పాయి. అయినా పోలిక ఉందని అన్నీ కుదరవు. తత్సమం వేరు, తద్భవం వేరు.

చివరకు అసలు పుస్తకం దొరికింది హైదరాబాదులో, అబిడ్స్ కాలిబాట మీద, ఆదివారం. పాత నిఘంటువుల కోసం వంగినవాడిని విడిభాగాల పట్టికతో లేచాను. కంపెనీ అచ్చువేసినదే. అట్టమీద ఎవరిదో ఆయిలు చేతి ముద్ర.

ఆ రాత్రి నిద్ర పోలేదు. చిన్నయసూరి బాలవ్యాకరణం సంజ్ఞా పరిచ్ఛేదంతో మొదలైనట్టు, ఈ పుస్తకం కూడా బండిని ఎట్లా గుర్తించాలో, ఛాసిస్ నంబరును ఎట్లా చదవాలో చెప్పడంతో మొదలవుతుంది. ఆపైన బొమ్మలు. ఇంజనులోని ప్రతి ముక్కనూ దాని స్థానం నుండి కొంచెం దూరంగా జరిపి, వరుస చెడకుండా గాలిలో నిలిపి గీశారు. సమాసానికి విగ్రహవాక్యం చెప్పడమంటే ఇదే కదా! నంబర్లు ఇంకా చిత్రం. మొదటి ఐదంకెలు ధాతువు వంటివి: 16510 అంటే ఆయిల్ ఫిల్టరు, 11141 హెడ్ గ్యాస్కెట్, 17400 వాటర్ పంపు. వెనుక వచ్చేవి ప్రత్యయాలు, ఏ మోడలుకు, ఏ మార్పు అని. ధాతువు ఒక్కటే చూసి ప్రత్యయం వదిలేసినందుకే నాకు రెండుసార్లు తప్పుడు సీలు వచ్చి ఉంటుంది.

ఇంత తెలిసినా, మా ఆయిలు ఎక్కడ కారుతోందో ఆ బొమ్మలో నాకు అంతుపట్టలేదు. పొద్దున్నే పుస్తకం పట్టుకొని వేపచెట్టు కిందికి పోయాను. వాడికి ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కొని చదువుతాడు. పేజీ తిప్పీ తిప్పగానే వేలు పెట్టాడు.

"ఇది కాదు సార్ మనం మార్చింది. దీని కిందుండే గేరు డబ్బా అతుకు. ఆయిలు ఆడ కారుతాంటే, డెల్కోదే అనుకుంటిమి."

"ఎట్లా కనిపెట్టినావప్పా అంత తొందరగా?"

"మీరే పానాలు పట్టుకోమంటిరి గదా సార్, పట్టుకుంటి" అని నవ్వి, కారు కిందికి దూరాడు.

ఆ మాట వాడికి ఇంకా గుర్తుందన్నమాట. నవ్వులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. క్షమించమని అడగాలనుకున్నాను, కాళ్ళు తప్ప వాడు కనిపించలేదు. నంబరు చీటీ మీద రాసుకొని కర్నూలు బస్సెక్కాను. ఆ నంబరు చెప్పగానే దుకాణదారు మారు మాట్లాడకుండా పొట్లం తీసిచ్చాడు. ఆయిలు ఆగింది. ఆ వారం ఆసుపత్రికి కారులోనే పోయాము.

వారం తరువాత వాడే ఇంటికి వచ్చాడు. "సార్, ఆ పుస్తకంలో పేర్లు తెలుగులో రాసిస్తారా? షెడ్డులో పిల్లోల్లు చూసుకుంటారు" అన్నాడు. అప్పటినుండి రోజూ సాయంత్రం కూర్చుంటున్నాను. ఇప్పటికి 23 బొమ్మలు అయినాయి. డిస్ట్రిబ్యూటర్ దగ్గర నిఘంటువులన్నీ ముందేసుకొని, రెండు రోజులు ఆలోచించి, "విభాజకము" అని గుండ్రంగా రాశాను.

నిన్న వాడు వచ్చి ఆ పేజీ చూశాడు. అక్షరం అక్షరం కూడుకొని చదివాడు.

"ఇదేంది సార్, ఇట్ల రాస్తిరి? డెల్కో అని రాయండి."

కొట్టివేసి, డెల్కో అని రాశాను.