గ్రీన్‌వుడ్ వీథిలో

ఓక్లహోమా సిటీనుండి టల్సాకు సుమారు నూరు మైళ్ళు. బస్సు ఈశాన్యమునకు సాగుచుండగా ఇరుప్రక్కల ఎర్రమట్టి నేలలును, పొట్టి ఓక్ చెట్లును, అక్కడక్కడ తలలూపుచు చమురు తోడు యంత్రములును కానవచ్చుచుండెను. 1921 జూన్ 1వ తేదీ ఉదయమున ఈ దూరమునే రైలుబండిలో గడచి రాష్ట్ర సైనికులు టల్సాలో దిగునప్పటికి తొమ్మిది గంటలు దాటినది. అచ్చటి నల్లజాతివారి గ్రీన్‌వుడ్ పేట అప్పటికే చాలవరకు బూడిదయైనది. ఆ పేటను చూచుటకే నేను వెళ్ళుచుంటిని. అమెరికా దేశమున జాతివిద్వేషము రక్తపాతముగా పరిణమించిన పట్టణములు పెక్కులు కలవు: 1898లో విల్మింగ్టన్, 1906లో అట్లాంటా, 1908లో స్ప్రింగ్‌ఫీల్డ్, 1919లో చికాగో. వానిలో టల్సాను నేనెన్నుకొనుటకు కారణమొక్కటే. అచ్చట నిప్పు ఒక్క రాత్రిలో ఆరంభించిన పనిని కాగితము చిరకాలము కొనసాగించినదని నేను చదివియుంటిని. అదెంతవరకు నిజమో ఆ వీథులలో నడచి తెలిసికొనవలెనని నా కోరిక.

ఆర్చర్ వీథియు గ్రీన్‌వుడ్ వీథియు కలియుచోట ఎర్ర ఇటుకల కట్టడముల వరుసయొకటి నిలిచియున్నది. అచ్చటి కాలిబాటలో చిన్న చిన్న లోహపు పలకలు పొదిగియున్నవి. ఒక్కొక్క పలకపై 1921లో ఆ తావున నుండిన దుకాణము పేరును, అది మరల తెరువబడినదో లేదో తెలుపు మాటయు చెక్కియున్నవి. నేను తలవంచుకొని ఒక్కొక్కటే చదువుచు నడచితిని: దర్జీ, వైద్యుడు, భోజనశాల, వార్తాపత్రిక. పాదచారులు వానిమీదుగా అడుగులు వేయుచు పోవుచునే యున్నారు. కొన్ని పలకల అంచులు అరిగి నునుపెక్కినవి. మరల తెరువబడలేదని చెప్పు పలకయొద్ద కాలు దానంతట అదే ఆగుచున్నది.

ఇంతటి వ్యాపారవీథి ఇచ్చట వెలయుటకు కారణము చమురు మాత్రమే కాదు. 1905లో గ్లెన్ పూల్ భూములలో చమురు బయటపడినపిదప టల్సా శీఘ్రముగా ధనాఢ్య నగరమైనమాట నిజమే. కాని 1907లో ఓక్లహోమా రాష్ట్రముగా ఏర్పడినంతనే దాని శాసనసభ చేసిన మొట్టమొదటి చట్టము, రైలుపెట్టెలలో నల్లజాతివారిని వేరుగా కూర్చుండబెట్టు చట్టము. నగరమునందు వారికి సరకులమ్ము దుకాణములు అరుదు, గది యిచ్చు హోటలుండదు. అందుచేత ఫ్రిస్కో రైలుపట్టాల కుత్తరమున నల్లజాతివారు తమ నగరమును తామే కట్టుకొనిరి. ఓ. డబ్ల్యు. గుర్లీ 1906లో కొన్న నేలలో ఇండ్లు లేచినవి, జె. బి. స్ట్రాడ్‌ఫర్డ్ 54 గదుల హోటలు కట్టించెను, విలియమ్స్ దంపతులు డ్రీమ్‌లాండ్ నాటకశాలను నడపిరి, ఎ. జె. స్మిథర్‌మన్ ‘టల్సా స్టార్’ పత్రికను ప్రకటించెను. శ్వేతజాతీయుల ఇండ్లలో పనిచేసి తెచ్చిన కూలియు ఈ వీథిలోనే చేతులు మారుచుండెను. వెలివేతచే పుట్టిన ఐశ్వర్యమిది. అందుచేతనే అది ఈర్ష్యకును గురియైనదని నా నమ్మకము.

పేట దహనమునకు నెపమైనది ఒక లిఫ్టు. నగరమధ్యమున బూట్లకు పాలిష్ చేసి జీవించు డిక్ రోలండ్ అను యువకునకు తాను పనిచేయు చోట మరుగుదొడ్డి లేకుండెను. నల్లజాతివారికి అనుమతిగల మరుగుదొడ్డి డ్రెక్సెల్ భవనపు పై అంతస్తున మాత్రమే యుండెను. మే 30వ తేదీన అతడు ఆ భవనపు లిఫ్టులో పోవునపుడు దానిని నడపు సారా పేజ్ అను శ్వేతజాతి యువతి కేక వేసినది. వాని కాలు తడబడినదనియు, చేయి ఆమెకు తగిలినదనియు చెప్పుదురు. మరునాడతనిని నిర్బంధించిరి, సాయంకాలపత్రిక వార్తను మంటయెగయునట్లు ప్రకటించెను, న్యాయస్థానమునెదుట గుంపు పెరిగి వేయిదాటినది. అంతకు ముందు సంవత్సరమే ఆ నగరమునందొక శ్వేతజాతి ఖైదీని గుంపు చెరసాలనుండి లాగికొనిపోయి ఉరిదీసియుండుటచేత, నల్లజాతివారి భయము నిరాధారము కాదు. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సులో పోరాడివచ్చిన మాజీ సైనికులతో కూడి సుమారు 75 మంది ఆయుధములు ధరించి రోలండుకు రక్షణగా వచ్చిరి. ఒకని తుపాకిని లాగికొనబోగా అది పేలినది. రోలండు మీది అభియోగము తరువాత కొట్టివేయబడినది.

ఆ రాత్రి జరిగినదంతయు చెప్పుటకు నా కలము చాలదు. నగరపు పోలీసు అధికారులే వందలకొలది శ్వేతజాతీయులకు తాత్కాలిక పోలీసు అధికారము నొసగిరి; తెల్లవారునప్పటికి పట్టాలుదాటి జనము పేటపై పడి ఇంటింట దోచుకొని నిప్పుపెట్టినది; పైన విమానములు తిరిగినవి. దేశమంతట పేరుగాంచిన శస్త్రవైద్యుడు ఎ. సి. జాక్సన్ తన ఇంటినుండి చేతులు పైకెత్తి వెలికివచ్చుచుండగా కాల్చి చంపిరి. పొరుగున నున్న ఓలిఫంట్ అను విశ్రాంత శ్వేతజాతి న్యాయమూర్తి ఆ హత్యకు సాక్ష్యము పలికెను. రెడ్‌క్రాస్ లెక్కప్రకారము 1,256 ఇండ్లు కాలిపోయినవి. ముప్పది అయిదు నగరఖండములు నేలమట్టమైనవి. మృతులు 36 మంది యని ప్రభుత్వము ప్రకటించెను. 2001లో నివేదిక సమర్పించిన రాష్ట్రవిచారణ సంఘము ఆ సంఖ్య 100 నుండి 300 వరకు నుండవచ్చునని తలచెను. బ్రదికినవారిలో వేలకొలది జనులను సభామందిరములలోను, క్రీడాస్థలములలోను నిర్బంధించి, శ్వేతజాతి యజమాని వచ్చి పూచీపడినగాని విడువలేదు. విడిచినవారికి చీటీలిచ్చి, అవి వెంటనుండినగాని వీథిలో నడువరాదనిరి. కాగితపు కథ ఇచ్చటనే మొదలైనది.

ఆ చీటీల వెంట ఇతర పత్రములు వచ్చినవి. గ్రాండ్ జూరీ నేరమును నల్లజాతివారిపైననే మోపెను. స్ట్రాడ్‌ఫర్డు చికాగోకు పారిపోయెను, ఆయనమీది నేరారోపణ 1996లోగాని రద్దుకాలేదు. హత్యలకుగాని దహనములకుగాని ఒక్క శ్వేతజాతీయుడైనను శిక్షింపబడలేదు. అల్లరులలో కలిగిన నష్టమునకు బాధ్యత లేదని బీమాపత్రములలో వ్రాసియుండుటచే సంస్థలు చెల్లింప నిరాకరించినవి. పిదప నగరసభ నిప్పంటని సామగ్రితో తప్ప ఆ పేటలో ఇండ్లు కట్టరాదని నిబంధనచేసినది. సర్వము కోల్పోయినవానికి అట్టి ఇల్లు కట్టు స్తోమత యెక్కడిది? ఆ నేలను వర్తకులకప్పగింపవలెనన్న తలంపే దాని మూలమని స్పష్టము. దీనిని ఎదుర్కొన్నది బి. సి. ఫ్రాంక్లిన్ అను న్యాయవాది. ఆయన కార్యాలయము కాలిపోగా గుడారము వేసికొని, బల్లమీద న్యాయగ్రంథములు పేర్చుకొని వాదపత్రములు వ్రాసెను. న్యాయస్థానమున ఆ నిబంధన కొట్టువడినది. కుటుంబములెన్నియో శీతకాలమంతయు గుడారములలో గడపి, మరుసటేట ఇటుకపై ఇటుక పేర్చి వీథిని మరల నిలిపినవి. ఫ్రాంక్లిన్ కుమారుడు జాన్ హోప్ ఫ్రాంక్లిన్ చరిత్రకారుడై నల్లజాతి చరిత్రను విశ్వవిద్యాలయములలో తలయెత్తుకొని నిలుచునట్లు చేసెను. ఈ తండ్రికొడుకుల పేరు విన్నప్పుడెల్ల నాకు మనస్సు ఆర్ద్రమగును.

మరుదినము ఆదివారము. ఎల్గిన్ వీథిలోని మౌంట్ జయాన్ బాప్టిస్టు చర్చికి వెళ్ళితిని. నడివయస్సు దాటిన యొకామె నాకు ద్వారమునొద్ద చేయిచ్చి లోపలికి తీసికొనిపోయి, “కూర్చుండుము నాయనా, పాట ఆరంభము కానున్నది” అన్న ధోరణిలో తన భాషలో పలికి, వరుసలోనివారిని కదిపి చోటుచేసెను. 1921 ఏప్రిలులో ఈ చర్చి మొదటి భవనము ప్రతిష్ఠింపబడినది. రెండు మాసములైన నిండకమునుపే అది దగ్ధమైనది. మిగిలినది 50,000 డాలర్ల అప్పు. దివాలా తీసి ఋణవిముక్తి పొందుట కవకాశముండియు, సభ్యులు తమ కూలిలోనుండి నాణెమునాణెము కూర్చి ఆ అప్పును తీర్చిరి. అది తీరినది 1942లో. ఇప్పటి భవనము 1952లో ప్రతిష్ఠితమైనది. తాము రెండు మాసములైన నిండుగా అనుభవింపని మందిరమునకై రెండుదశాబ్దములు ఋణము తీర్చినవారి మనుమలు నా ప్రక్కన చప్పట్లు చరచుచు పాడుచుండిరి. వారితో నేనును నిలిచితిని.

బయటికి వచ్చి మరల గ్రీన్‌వుడ్ వీథికి నడచితిని. 1921లో పైభాగము కాలి నేలమాళిగ మాత్రము మిగిలిన వర్నన్ చర్చి ప్రక్కనే ఎత్తైన రహదారి వీథికడ్డముగా సాగిపోవుచున్నది. లారీల హోరు ఇరుసుల కంపముతో కలిసి చెవులను గింగురుమనిపించును. నగర నవీకరణమను పేర ఇండ్లు తొలగించి, 1960ల చివరను, 1970ల తొలినాళ్ళలోను ఈ రహదారిని వేసిరి. 1921 తరువాత తిరిగి తెరచుకొన్న దుకాణములలో పెక్కింటిని మూయించినది తుపాకి కాదు, సర్వే పటములును స్థలసేకరణ పత్రములును. దీనిని చూచినపిదప, నేను చదివిన మాట నిజమని ఒప్పుకొనక తప్పలేదు. నిప్పును ఆర్పవచ్చును గాని ముద్రవేసిన పటముతో వాదించుటకు ఫ్రాంక్లిన్ వంటివారు తరమున కొకరైనను దొరకుదురా యని సందేహము.

1921 దహనమునుండి బ్రదికి వయోవృద్ధులైనవారు 2020లో నష్టపరిహారమునకై న్యాయస్థానమున కెక్కిరి. వారిలో వయోలా ఫ్లెచర్ 1921లో ఏడేండ్ల బాలిక. 2021లో, తన నూటయేడవ యేట, వాషింగ్టనులో చట్టసభవారి యెదుట కూర్చుండి తాను చూచిన దానిని చెప్పినది. ఆమె తమ్ముడు హ్యూస్ వాన్ ఎల్లిస్ తీర్పునకు ముందే 2023లో కన్నుమూసెను. 2024 జూనులో రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ దావాను త్రోసిపుచ్చెను. నూరేండ్ల తరువాతనైన ఒక తీర్పునకు నోచుకొననీయకుండుట నాకు మిక్కిలి బాధ కలిగించినది.

టల్సా విడుచుటకు ముందు ఓక్‌లాన్ స్మశానమునకు వెళ్ళితిని. గుర్తులేని గోతులలో కప్పబడిన వారికై అచ్చట 2020నుండి త్రవ్వకములు జరుగుచున్నవి. దొరకిన అస్థులను జన్యుపరీక్షలచే పరిశోధించి 2024లో మొట్టమొదట ఒకని పేరును నిర్ణయించిరి: సి. ఎల్. డానియల్, జార్జియా రాష్ట్రమువాడు, ప్రపంచయుద్ధకాలమున సైన్యములో పనిచేసినవాడు. పరీక్షలకు తోడుగా జాతీయ దస్తావేజుల భాండారములో ఒక లేఖ దొరకినది. డానియల్ తల్లి తరఫున ఒక న్యాయవాది, మాజీ సైనికుల కుటుంబములకిచ్చు సహాయముకొరకు సర్కారుకు వ్రాసినది. కుమారుడు టల్సా అల్లరులలో చంపబడెనని అందు తేటతెల్లముగ నున్నది. ఆ లేఖ వ్రాయబడినది 1936లో. ఆనాటినుండి అది ప్రభుత్వము దగ్గరనే యున్నది.