పాలకొల్లులో పాత రంపం బేరం

పాలకొల్లు వెళ్లినవాళ్లు మొదట క్షీరారామం గోపురం చూస్తారు. ఆ తర్వాత దిబ్బరొట్టె తింటారు. ఆ రెండూ పూర్తిచేసి తిరుగు రైలెక్కాల్సిన నేను, ఒక పాత రంపం బేరానికి సాక్షిగా కూర్చోవాల్సి వచ్చింది!

అది 2025 కార్తీకమాసం, మూడో సోమవారం. పంచారామ యాత్ర బస్సులు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగుతున్నాయి. అమరావతి, భీమవరం చూసుకుని, ఇంకా ద్రాక్షారామం, సామర్లకోట వెళ్లాల్సిన భక్తులు తొమ్మిది అంతస్తుల గోపురం కిందనుంచి పరుగులాంటి నడకతో లోపలికి వెళ్తున్నారు. ఉపమన్యుడి కోసం శివుడు పాలు పుట్టించిన చోటు ఇదేననీ, ఆ పాలకొలనే పాలకొల్లు అయిందనీ స్థలపురాణం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకుని, 1825లో ఇంగ్లిషువాళ్లకు అప్పగించి వెళ్లారన్నది చరిత్ర. అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణలది ఈ ఊరేనన్నది మాత్రం అడక్కపోయినా ఆటోవాలాలే చెబుతారు.

దర్శనం అయ్యాక ఓ చిన్న హోటల్లో దిబ్బరొట్టె చెప్పాను. మందపాటి గిన్నెలో మినప్పిండి, కింద సన్నటి సెగ, మూత మీద నిప్పులు. పైన కరకర, లోపల దూది. చెరుకుపానకంతో తింటుంటే వెనక పెరట్లో ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు దిగి పుల్లలు దించడం మొదలుపెట్టారు. ఒకాయనకు యాభై దాటి ఉంటాయి. రెండోవాడు పాతికేళ్ల కుర్రాడు. దించుతున్నంతసేపూ ఒకటే వాదన.

‘‘మావయ్యా, కొత్తది కొత్తదే. ఎనిమిదిన్నర వేలకు పెట్టె విప్పి చేతిలో పెడతానంటున్నాడు.’’

‘‘ఒరేయ్ అల్లుడూ, ఆ పెట్టె విప్పిన ఏడాదికి మళ్లీ పెట్టెలో పెట్టెయ్యాలి. పాతదైనా కంపెనీదే కొందాం.’’

ఏదో మోటారు సైకిల్ సంగతనుకున్నా. కాదు, చెట్లు కోసే చైన్ సా!

సరుగుడు కావాలి, కొబ్బరి కాదు

‘‘కొబ్బరి తోటల మధ్య ఉండి పుల్లలు కొనుక్కోవడమేంటండీ?’’ అని హోటలాయన్ని అడిగేశాను. ఆయన నవ్వాడు. కొబ్బరి మట్టలు, డొక్కలు భగ్గున మండి చప్పున ఆరిపోతాయట. వేన్నీళ్లకైతే సరే. అయిదొందల మందికి గుండిగలు ఎక్కించాలంటే నిలిచి మండే కట్టె కావాలి. మామిడి, చింత, తుమ్మ, లేదంటే నరసాపురం వైపు ఇసుక నేలల్లోంచి వచ్చే సరుగుడు. కార్తీకమంటే గోదావరి జిల్లాల్లో వనసమారాధనల నెల. ఏ తోటలో చూసినా గాడిపొయ్యి తవ్వేస్తారు. గ్యాసు వచ్చాక ఇళ్లలో పొయ్యిలు పోయాయిగానీ, గుండిగల కింద పుల్లలు ఇంకా పోలేదు.

దానికి తోడు ఈసారి మొంథా తుపాను. 2025 అక్టోబరు 28 రాత్రి నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. పెరట్లో పడిపోయిన చెట్టును తీసేయమని ఈ మామా అల్లుళ్లకు రోజూ పిలుపులే. ‘‘తొంభయ్యారు తుపానుకి నేను కుర్రోణ్నండి. ఇద్దరం చెరో పక్కన కూర్చుని లాగే రంపంతో కోశాం. ఒక మామిడి మొద్దుకి పూటంతా పట్టీది. ఇప్పుడు అరగంట’’ అన్నాడు మామ. 1996 నవంబరు 6న వచ్చిన ఆ తుపాను కోనసీమ కొబ్బరిని ఎలా నేలకూల్చిందో ఇక్కడివాళ్లు ఇప్పటికీ నిన్నటి సంగతిలా చెబుతారు.

అయితే నిన్న పడిన చెట్టు నేడు పొయ్యిలోకి రాదు. పచ్చి కట్టెలో సగం నీళ్లే. దాన్ని మండిస్తే వంట మనిషి కళ్లు మండుతాయి తప్ప గుండిగ మరగదు. ముక్కలు కోసి, చీల్చి, గాలాడేలా పేర్చి, కనీసం ఆర్నెల్లు ఎండబెట్టాలి. ఇప్పుడు కోస్తున్నదంతా రాబోయే నెలల సరుకు. ఈ పెరట్లో దించింది ఎండాకాలంలో కోసినది. అన్నట్టు, పడిపోయిన చెట్టు సంగతి వేరుగానీ, నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే చాలా రకాలకు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి ఉండాలి.

ఇంతకీ వాళ్ల పాత మిషను తుపాను మర్నాడే పట్టేసింది. అంటే లోపల పిస్టను సిలిండరుకు అతుక్కుపోయింది. నిండు సీజను! చేతిలో ఇరవై వేలున్నాయి. గురువారం సమారాధన చేసేవాళ్లు దారికి అడ్డంగా పడిన నిద్రగన్నేరును తీసి తోట ఖాళీ చేయమన్నారు. మిషను లేకపోతే ఆ పని ఇంకొకరిది. ‘‘మీరు పేపరువాళ్లు కదండి, నాలుగు ముక్కలు చదువుకున్నోళ్లు. రండి, మీరే చెప్పండి’’ అని నన్నూ ట్రాలీ ఎక్కించారు. రైలు సాయంత్రం కదా, ఎక్కేశాను.

ముందు చెట్లకు కాదు!

దారిలో నేను చెప్పిన విశేషం వాళ్లు నమ్మలేదు. గొలుసుకు పళ్లు పెట్టి కోయడమన్న ఆలోచన మొదట వచ్చింది వైద్యులకు. 18వ శతాబ్దం చివర్లో స్కాట్లాండులో డాక్టర్లు కష్టమైన కాన్పుల్లో ఎముక కోయడానికి చేత్తో లాగే గొలుసు రంపం వాడారు. ‘‘బాబోయ్’’ అన్నాడు అల్లుడు. చెట్ల కోసం జర్మనీలో ఆండ్రియాస్ స్టీల్ కరెంటు గొలుసు రంపం చేసింది 1926లో. దాన్ని ఇద్దరు పట్టుకోవాల్సిందే. ఇప్పుడు మనం చూస్తున్న పళ్ల ఆకారం మాత్రం అమెరికాలో జోసెఫ్ కాక్స్ అనే ఆయన పుణ్యం. 1946లో ఒక మొద్దులో కలపను తొలిచేస్తున్న పురుగును చూసి, దాని దవడల్లాగే గొలుసు పళ్లు చేశాడట.

కాలువ గట్టు రోడ్డు మీద ఉంది మెకానిక్ షాపు. తాటాకు పందిరి కింద మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు, గడ్డి కోసే మిషన్లు, పడవ ఇంజిన్లు. టూ స్ట్రోకుదైతే చాలు, ఏదైనా బాగుచేస్తాడు. అక్కడే తెలిసింది, బేరం పాత కొత్తల మధ్య కాదని. దారులు మూడు. పేరు తెలియని కంపెనీ కొత్తది, 58 సీసీ, ఎనిమిదిన్నర వేలు. పేరున్న జర్మన్ కంపెనీ కొత్తది, పెద్ద మొద్దులు కోసేదైతే నలభై వేలు పైమాటే. అదే కంపెనీది నాలుగేళ్లు వాడినది, పద్దెనిమిది వేలు చెబుతున్నాడు.

మొదటిదాన్ని తేలిగ్గా తీసేయక్కర్లేదు. బాగానే కోస్తుంది. చిక్కల్లా తర్వాతే. ఒకే రూపంలో ఉన్న మిషను పది పేర్లతో వస్తుంది, ఒకదాని సామాను ఇంకొకదానికి సరిగ్గా కూర్చోదు. మామ ఇదివరకు అలాంటిది కొన్నాడు. రెండో సీజనుకి కార్బొరేటర్ కోసం రాజమండ్రి దాకా తిరిగి, చివరికి కిలోల లెక్కన అమ్మేశాడు. రోజూ కోసి బతికేవాడికి ఆగిపోయిన రోజే ఖర్చు.

ఇక పాతది. మామ ముందుగా చేసిన పని చూసి నాకు ముచ్చటేసింది. సైలెన్సరు మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది! ‘‘పొద్దున్నే ఒకసారి లేపావు కదూ? చల్లారాక చూద్దాం’’ అని టీ చెప్పాడు. వేడి మీద ఏ ఇంజినైనా లేస్తుంది. చల్లటి ఇంజిను ఎన్ని లాగులకు లేస్తుందన్నదే పరీక్ష. టీ అయ్యాక స్టార్టర్ తాడు పట్టుకుని మిషన్ని గాల్లో వేలాడదీశాడు. మెల్లగా, ఆగి ఆగి దిగింది. సర్రున జారిపోతే లోపల కంప్రెషను లేనట్టే. తర్వాత సైలెన్సరు విప్పించి, ఆ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టను చూశాడు. నిలువు గీతలు లేవు. ఆయిలు కలపకుండా ఉత్త పెట్రోలు పోసి నడిపితే పడేవి ఆ గీతలే. కంపెనీ టూటీ ఆయిలైతే లీటరుకు 20 మిల్లీలీటర్లు, మామూలుదైతే 40 అని మెకానిక్ గోడ మీద సున్నంతో రాసి పెట్టాడు.

‘‘పేపరుందా అండి?’’ అన్నాడు మామ. నా సంచిలోంచి మా పేపరే తీసిచ్చాను. దాన్ని నేల మీద పరిచి, రంపం మొన అటు తిప్పి ఇంజిను పెంచాడు. కాగితం మీద సన్నటి నూనె చార పడింది. అంటే గొలుసుకు నూనె అందుతోంది. అది అందకపోతే గొలుసూ, అది తిరిగే పట్టీ రెండూ మాడిపోతాయి. మా పత్రికకు ఇలాంటి ఉపయోగం కూడా ఉందని ఆఫీసులో చెప్పాలి.

పెట్రోలు పైపు మాత్రం గట్టిపడి బిరుసుగా ఉంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్. పాత మిషన్ల రబ్బరుకు అది పడదు, నిల్వ ఉంచితే తేమనూ పీల్చుకుంటుంది. పైపు మార్చాలి, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేయాలి. గొలుసు కూడా అరిగింది. కోసినప్పుడు పొట్టు పెచ్చుల్లా రాలాలి, పిండిలా రాలుతోంది. కొబ్బరి మొద్దు కోస్తే ఇంతేనట. పై భాగం రాయిలా ఉంటుంది, మట్టి పట్టి ఉంటుంది. పెరటి మామిడి ఇంకా మాయదారిది. ఎప్పుడో బట్టల తీగకు కొట్టిన మేకు లోపలే ఉండిపోతుంది.

అన్నీ చూశాక మామ పదిహేనున్నర అన్నాడు. కొత్త గొలుసు, కొత్త పైపుతో. మెకానిక్ కాసేపు గొణిగి ఒప్పుకున్నాడు. అల్లుడు కూడా మెత్తబడ్డాడు. బేరం కుదిరినట్టే కదా?

ఆగనిది ఒక్కటే

మామ మిషన్ని మళ్లీ లేపి, రెండు చేతులా పట్టుకుని, ముందున్న అడ్డుపిడిని మణికట్టుతో ముందుకు తోశాడు. గొలుసు ఆగాలి. ఆగలేదు. బ్రేకు పట్టీ తీసేసి ఉంది!

‘‘పని స్పీడుగా అవుద్దని చాలామంది తీయించేస్తారండి’’ అన్నాడు మెకానిక్ తేలిగ్గా. మామ మాట్లాడలేదు. లుంగీ కొంచెం పైకి తీశాడు. ఎడమ తొడ మీద జానెడు మచ్చ, కుట్లు జెర్రిలా కనబడుతున్నాయి. ఎనిమిదేళ్ల కిందట అరువు తెచ్చిన మిషనుతో పనిచేస్తుంటే జరిగిందట. రంపం మొన పైభాగం దేనికైనా తగిలితే చటుక్కున వెనక్కి తంతుంది. ఆ గొలుసు సెకనుకు ఇరవై మీటర్ల వేగంతో తిరుగుతుంటుంది. మనం వద్దనుకునేలోపే మీద పడుతుంది. బ్రేకు ఉన్నది ఆ క్షణం కోసమే. ఆ మిషనుకి లేదు. మూడు నెలలు మంచంలో ఉన్నాడు. అప్పటికి పదో తరగతి దాటని అల్లుడు చదువు మానేసి గొడ్డలి పట్టింది ఆ మూడు నెలల్లోనే. అంతదాకా ఎగిరెగిరిపడ్డ కుర్రాడు ఆ మచ్చను చూస్తూ ఉండిపోయాడు.

పట్టీ భీమవరంలో దొరకలేదు. విజయవాడ నుంచి తెప్పించడానికి రెండు రోజులు. ‘‘గురువారం పని ఉంది కదండి, ఈ రెండ్రోజులూ జాగ్రత్తగా కోసుకోండి, వచ్చాక వేస్తా’’ అన్నాడు మెకానిక్. మామ అయిదు వేలు అడ్వాన్సు ఇచ్చి, మిషను అక్కడే వదిలేశాడు. నిద్రగన్నేరు కోసం ఇంకొకరి దగ్గర మనిషితో సహా మిషను అద్దెకు మాట్లాడుకున్నారు. అందులో మిగిలేది డీజిలు ఖర్చే.

నన్నడిగారు కాబట్టి నా మాటా చెప్పాను. రోజూ కోసేవాళ్లకు దగ్గర్లో మెకానిక్, దొరికే సామాను ఉంటే మంచి కంపెనీ పాతదే మేలు, బ్రేకు ఉంటేనే. లుంగీ, హవాయి చెప్పులు మానేసి మందపాటి ప్యాంటు, బూట్లు, చెవులకు అడ్డు, కళ్లద్దాలు పెట్టుకోవాలి. చివరి మాటకు ఇద్దరూ నవ్వేశారు. మన ఇళ్లలో ఏడాదికో చెట్టు కొమ్మ కొట్టించుకునేవాళ్లకైతే పాతదీ వద్దు, కొత్తదీ వద్దు. మా బాబాయి ఒక్క మామిడి చెట్టు కోసం పాతిక వేలు పోసి కొత్తది కొన్నాడు. కోయడం ఒక పూట అయింది. ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేసి అటక మీద పెట్టాడు. మరుసటేడు తీస్తే కార్బొరేటర్లో జిగురు! ఆ డబ్బుతో ఇలాంటి మామా అల్లుళ్లను ఎన్నిసార్లు పిలవొచ్చో.

సాయంత్రం నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ దాకా వాళ్లే దిగబెట్టారు. ట్రాలీలో పొద్దుటి పుల్లల పెచ్చులు ఇంకా ఉన్నాయి. స్టేషను బయట అల్లుడు నా నంబరు తీసుకున్నాడు.

బుధవారం రాత్రి ఫోనొచ్చింది. ‘‘సార్, పట్టీ వచ్చేసిందండి. రేపటి చెట్టుకి అద్దె మిషను వద్దని చెప్పేశాం. వినండి’’ అన్నాడు. ఇంజిను చప్పుడుకు ఫోను దూరంగా పెట్టుకోవాల్సి వచ్చింది. గొలుసు గీపెడుతోంది. టక్‌మని ఏదో పడింది. గొలుసు చప్పుడు ఆగిపోయి, ఇంజిను ఒక్కటే గుర్రుమంటోంది. వెనకనుంచి మామ గొంతు వినిపించింది.

‘‘ఇంకోసారి కొట్టరా.’’