అడవి అంచున ఏ ఫోను?

భద్రాచలం ప్రాంతంలోని చర్ల, దుమ్ముగూడెం వైపు వాళ్లు ఏ ఫోను కొనమంటారని అడిగితే నేను కెమెరా గురించి మాట్లాడను. ఊళ్లో కరెంటు ఎంతసేపు ఉంటుంది, ఏ సిగ్నల్ అందుతుంది అని అడుగుతాను. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అలాంటి వరద రోజుల్లో కరెంటు పోతే ఫోనుకు మొదటి అర్హత చార్జింగ్ నిలవడమే.

2003లో వచ్చిన నోకియా 1100లో టార్చి లైటు, దుమ్ము చొరని కీప్యాడ్, ఊడదీసి మార్చుకునే బ్యాటరీ ఉండేవి. తెర చిన్నది, కెమెరా లేదు. అందుకే చార్జింగ్ రోజుల తరబడి వచ్చేది. పెద్ద తెర కావాలంటే ఆ నిలకడ కొంత వదులుకోవాలి. నీరు చొరకుండా గట్టిగా అతికిస్తే బ్యాటరీ మార్చడం కష్టమవుతుంది. అన్నీ ఒక్కదాంట్లో ఇమడవు.

అలాగని కీప్యాడ్ ఫోనే చాలని చెప్పలేను. జియో 4జీ నెట్‌వర్కులో పాత 2జీ ఫోను పనిచేయదు. 2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనుల హాజరు కూడా యాప్‌లో వేయాలన్నారు.

అందుకే ఇంటికొక స్మార్ట్‌ఫోను, తోడుగా 4జీ కీప్యాడ్ ఫోను ఉంచుకోండి. కొనేముందు భద్రాచలంలోనో మణుగూరులోనో దానికి రిపేరు, విడిభాగాలు దొరుకుతాయేమో కనుక్కోండి. బాగుచేయించుకోలేని వస్తువు చవకగా దొరికినా చివరికి నష్టమే.