అర్చకునికి అనధ్యయనం



గత మాసంలో మా ఆలయానికి వచ్చిన యువదంపతులు తీర్థం స్వీకరిస్తూ, "స్వామీ, ఈ వేసవిలో మీరు ఎక్కడికైనా వెళ్తున్నారా?" అని అడిగారు. "స్వామిని విడిచి ఎక్కడికి వెళ్తామమ్మా!" అన్నాను. వారు నా నిష్ఠకు నమస్కరించి వెళ్ళారు. ఆ నమస్కారానికి నేను అర్హుణ్ణి కాను. ఆనాటి ఉదయమే సహస్రనామార్చన చేస్తుండగా నా జిహ్వ నామాలను పలుకుతూనే ఉన్నది, హస్తం తులసీదళాలను సమర్పిస్తూనే ఉన్నది. మనస్సు మాత్రం రైలుపెట్టెలో కిటికీ పక్కన కూర్చుని ఉన్నది. అది ఏ నామం వద్ద వెళ్ళిందో, ఏ నామం వద్ద తిరిగి వచ్చిందో నాకు తెలియదు.

మాది కోనసీమలో వసిష్ఠ గోదావరీ తీరాన ఉన్న గ్రామం. వైఖానస సంప్రదాయంలో స్వామిని అర్చించడం మా వంశానికి లభించిన భాగ్యం. అయితే ఒక్క అర్చకుడే ఉన్న ఆలయంలో సెలవు అనేది అశౌచ రూపంలోనే వస్తుంది. మా తండ్రిగారు పరమపదించినప్పుడు జ్ఞాతులమందరమూ అశౌచంలో ఉండగా, పొరుగూరి అర్చకస్వామి వచ్చి నిత్యారాధన జరిపారు. ఆరవ నాడు నాకు సూర్యోదయమైన తరువాత మెలకువ వచ్చింది. ఎన్నో సంవత్సరాలకు నిండుగా నిద్రించాను. శరీరానికి కలిగిన ఆ సుఖం తండ్రి మరణం వల్ల లభించినదని స్ఫురించగానే సిగ్గుతో తల వంచుకున్నాను. ఆ సిగ్గు నేటికీ పోలేదు.

వేదపాఠశాలలో చదువుకునే రోజులలో అష్టమి, చతుర్దశి, అమావాస్య, పూర్ణిమ, ప్రతిపత్తులకై ఎదురుచూసేవాళ్ళం. అవి అనధ్యయన దినాలు. ఆ రోజులలో కొత్త పాఠం ఉండదు. వస్త్రాలు ఉతుక్కోవడం, కాలువలో ఈదడం, ఇంటికి ఉత్తరం వ్రాయడం, అంతే. మరునాడు గురువుగారి ఎదుట కూర్చుంటే స్వరం తేటగా పలికేది. అపౌరుషేయమైన వేదానికే విరామం విధించిన పెద్దలు మానవ దేహం సంగతి ఎరుగనివారా?

ఒకనాడు ఈ సంగతి నా సహధర్మచారిణితో అన్నాను. ఆమె బియ్యం ఏరుతూ, "రోజూ కలశంలోకి ఏడు నదులనూ రమ్మని పిలుస్తారు కదా. ఒక్కసారైనా మనమే వాటి దగ్గరికి వెళ్ళకూడదా?" అన్నది. నేను నిరుత్తరుణ్ణి అయ్యాను. గంగా, యమునా, గోదావరీ, సరస్వతీ, నర్మదా, సింధూ, కావేరులను నిత్యం ఆవాహన చేసే నేను స్నానం చేసినది ఒక్క గోదావరిలోనే. 2015 పుష్కరాలలో అదీ సరిగా జరగలేదు. ఆ పన్నెండు దినాలూ ఆలయంలో జనసమ్మర్దం. తెల్లవారుజామున బిందెతో తీర్థం తెచ్చుకోవడానికే రేవుకు వెళ్ళాను.

అందుచేత నా కోరిక ఏమిటో ఇప్పుడు స్పష్టంగా చెప్పగలను. ఒక్క దినంలో తొమ్మిది క్షేత్రాలు చూపించే బస్సుయాత్ర నాకు వద్దు. వేరొకరి క్రతువు కోసం వెళ్ళే ప్రయాణమూ వద్దు. పగటిపూట నడిచే రైలు, గాలి వచ్చే కిటికీ, ఆచారానికి భంగం రాకుండా వెంట అటుకులు, పులిహోర, వంటకు అనుమతించే సత్రం ఉంటే చాలు. వెళ్ళవలసిన స్థలం త్ర్యంబకం. నాసికకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, బ్రహ్మగిరిపై మా గోదావరి పుట్టినది. 1465 కిలోమీటర్లు ప్రవహించే ఆ తల్లి సముద్రంలో కలిసే అంతర్వేదిని ఎన్నోసార్లు చూశాను, జన్మస్థానాన్ని చూడలేదు. అక్కడ కొలువైనది జ్యోతిర్లింగం. వైఖానసుడనైన నాకు అక్కడ చేయవలసిన కైంకర్యమేదీ లేదు. తాళపుచెవి నా వద్ద ఉండదు, నైవేద్యానికి వేళ మించిపోతుందన్న ఆదుర్దా ఉండదు. వరుసలో నిలబడి, ముందున్నవారి భుజాల మీదుగా తొంగి చూసి, అందరితో పాటు చేతులు జోడిస్తాను. ముప్పది ఏళ్ళుగా స్వామికి అత్యంత సమీపంలో ఉన్న నేను, దూరం నుంచి దర్శించడంలోని ఆర్తిని మరచిపోయాను.

ఇది వైరాగ్యలోపమేమో అని చాలాకాలం శంకించాను. మా ఆగమంలోనే నాకు సమాధానం దొరికింది. గర్భాలయంలోని ధ్రువబేరం కదలదు. ఉత్సవబేరం పల్లకి ఎక్కి గ్రామవీథులలో విహరిస్తుంది. రెండింటిలోనూ ఉన్నది ఒకే స్వామి. ఉత్సవమూర్తి బయలుదేరినందువల్ల మూలమూర్తి సాన్నిధ్యానికి లోపం రాదు. కదలకుండా కూర్చున్నంత మాత్రాన అర్చకుని మనస్సు ధ్రువం కాదని ఆనాటి సహస్రనామార్చన నాకు నేర్పింది.

మా అన్నగారి కుమారుడు ఆరాధనాక్రమం నేర్చుకున్నాడు. కార్తికం ముగిసి ధనుర్మాసం ప్రారంభమయ్యే మధ్యకాలంలో ఏడు దినాలు ఆలయం చూసుకుంటానన్నాడు. 2027లో మళ్ళీ పుష్కరాలు. ఆ సమ్మర్దానికి ముందే వెళ్ళిరావాలి. తాళపుచెవి అతనికి అప్పగించేటప్పుడు నా చెయ్యి కొంత వణుకుతుందని తెలుసు. అయినా అప్పగిస్తాను.

ఆ యువదంపతులు మళ్ళీ వస్తే ఈసారి సత్యమే చెప్తాను: "వెళ్తున్నామమ్మా, గోదావరి పుట్టిన చోటికి. నేను, మా ఇంటావిడ."

శుభం భూయాత్.