అంతర్జాల ఛాయాచిత్రాలు – తెలుగు పాఠం

కావ్యవర్ణనలను బోధించే ఉపన్యాసకునికి ఒక చిక్కు తప్పదు. పదానికి అర్థం చెప్పగలడు గాని వస్తువును చూపలేడు. నలుగురూ అంతర్జాలంలో పంచుకొనే ఛాయాచిత్రాలు ఈ కొరతను కొంత తీర్చుచున్నవి. 2004లో ఆరంభమైన వికీమీడియా కామన్స్ వంటి భాండాగారాల నుండి చిత్రాలను రుసుము లేకుండ తీసికొనవచ్చును. దూరదేశపు కట్టడాలను చూపి విద్యార్థులను ఆశ్చర్యపరచుట సులభమే. నాకు మాత్రం అందులో అంత ఆసక్తి లేదు.

మన ఏన్కూరు అడవి అంచున ఉన్న ఊరు. ఇక్కడి పిల్లలకు చూపదగిన చిత్రాలు లండనులో ఉన్నవంటే వింతగా తోచును. వియన్నా నగరవాసియైన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940 దశకంలో నిజాం రాజ్యమందలి గిరిజనుల నడుమ నివసించి, గోదావరి కొండల రెడ్లను గురించి 1945లో ఒక గ్రంథం ప్రకటించినాడు. ఆయన తీసిన ఛాయాచిత్రాలను లండన్ విశ్వవిద్యాలయపు సోయాస్ సంస్థ భద్రపరచి అంతర్జాలంలో ఉంచినది. వాటి క్రింది వివరణలు ఆంగ్లంలో ఉన్నవి. ఆ ఇంటి కప్పును, ఆ బుట్టను, ఆ పనిముట్టును తెలుగులో ఏమందురు? మా పాఠం ఇక్కడనే మొదలగును. ఇట్టి ప్రశ్నలకు నిఘంటువు కంటె గూడెం నుండి వచ్చిన విద్యార్థి త్వరగా సమాధానం చెప్పుచున్నాడు. వెనుక బల్లపై మౌనంగా కూర్చుండే పిల్లవాడు ఆనాడు తరగతికి గురువు. పరీక్షలో దీనికి మార్కులు లేవు, అది వేరు సంగతి.

తరువాత విద్యార్థులే చిత్రాలు తీయ నారంభించిరి. తునికాకు చిత్రం క్రింద ఒకరు “కట్టకు 50 ఆకులు, వేయి కట్టలు ఒక బస్తా” అని వ్రాసిరి. ఉర్దూ విద్యార్థిని దానినే “తేందూ పత్తా” అన్నది. కోయ విద్యార్థి తన ఇంటి మాటను తెలుగు లిపిలో చేర్చినాడు. ఒకే చిత్రం క్రింద తెలుగు ఎడమనుండి, ఉర్దూ కుడినుండి సాగివచ్చుట చూడ ముచ్చటగా నుండును.

అయితే చిత్రాన్ని లోకానికి విడుదల చేయుట తరగతిలో చూపుట వంటిది కాదు. కామన్స్ షరతులపై ఒకసారి ఇచ్చిన అనుమతిని తిరిగి తీసికొనరాదు. వ్యాపారి సైతం ఆ చిత్రాన్ని వాడుకొనవచ్చును. చెట్టుకు, చేనుకు చింత లేదు, మనిషి ముఖం సంగతి అట్లు కాదు. ఆనాడు కెమెరా ముందు నిలిచిన కొండవాసులకు తమ రూపం ఇంత దూరం పోవునని ఎవరు చెప్పగలరు? కావున మనుష్యుల చిత్రమైనచో, అది ఎక్కడికి పోవునో వారి భాషలోనే తెలిపి, సమ్మతి పొందిన తరువాతనే పంపవలెనని నియమం పెట్టితిని. దీనివలన చిత్రాల సంఖ్య తగ్గినది. తగ్గనిండు.

మొన్న వేసవిలో కల్లం వద్ద ఆకులు కట్టుచున్న ఒక వృద్ధురాలిని మా విద్యార్థి అట్లే అడిగినాడు. ఆమె కొంత యోచించి, “నా మొకం వద్దు బిడ్డా, చేతులు తీసుకో” అన్నదట. చేతులే వచ్చినవి, ఆకు పసరుతో నల్లబడిన పది వ్రేళ్ళు. ఆ చిత్రం క్రింద అతడు వ్రాసిన నాలుగు వాక్యాలలో నేను దిద్దినది ఒక్క ఒత్తు మాత్రమే.