కొత్తపట్నపుటొడ్డున పాటచిత్రము

మా వీథిలోని కళాశాల బాలికలు అయిదుగురు తాము కట్టుకొన్న పాట నొకదానిని వీడియోగా దీయ సంకల్పించిరి. అందులో మిరపకల్లము, ఒంగోలుగిత్త, కొత్తపట్నపు సముద్రము మూడును ఉండవలెనట. వారి తల్లులు మమ్ము తోడుపొమ్మనిరి. మేము సరేయంటిమి గాని, ముందొక దినము కెమెరా లేకుండ ఆ చోటులన్నియు జూచి రావలెనని పట్టుబట్టితిమి. పిల్లలకది వృథాశ్రమగా దోచెను.

కాలనిర్ణయమే మొదటి పని. అక్టోబరు మొదలు డిశంబరు వరకు ఈ తీరమునకు తుపానుల భయము; 2023 డిశంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను మన పొరుగుననే బాపట్లయొద్ద తీరము దాటినది. వానపడిన నల్లరేగడిలో బండి దిగబడినచో పగలంతయు అక్కడనే. వైశాఖమున వడగాలి. కావున కాయ కల్లమునకు వచ్చు మాఘమాసమునే యెంచుకొంటిమి.

కల్లము చూడ ఎఱ్ఱతివాచీ పఱచినట్లుండెను. పాడు బాలిక దానిపై వట్టికాళ్లతో పరుగెత్తెదననెను. కల్లముగల యిల్లాలు నవ్వి, “తొక్కితే కాయ పగులుద్దమ్మా, రేటు పడిపోద్ది” అనెను. అది వారి సంవత్సరపు కష్టము గదా! అంచున నిలిచి, గాలి వీపునకు దగులునట్లు పాడుటకు ఒప్పందమైనది. ఘాటు చేతులకంటినచో వట్టినీటికి పోదు. నూనె రాచి సబ్బుతో గడుగవలెను. ప్రక్కనున్న ప్రత్తిచేనిలో ముందునాడే పురుగుమందు కొట్టిరని తెలిసి దానిని విడిచితిమి. డ్రోను తెచ్చెదమనిరి, దాని రెక్కలగాలికి కారపుధూళి లేచును, గిత్తయు బెదరును. వలదంటిమి.

గిత్త సాధువే. ఈ జాతియే బ్రెజిలు దేశమున నెల్లూరు పేరుతో వ్యాపించినది; 1904 వరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలోనిది గదా. ఎఱ్ఱచీరకు పశువు బెదరునని మనవారందురు గాని, దానికి ఎఱుపు తెలియదు. రెపరెపలాడు చెంగును, హఠాత్తుగా మ్రోగు పాటయు బెదరించును. పలుపు దాని యజమాని చేతనే యుంచితిమి.

సముద్రమే మమ్ము కలతపెట్టినది. ఒంగోలునకు తూర్పున సుమారు 20 కిలోమీటర్ల దూరమున కొత్తపట్నము. అక్కడ ఒకచోట నీరు అలలులేక నున్నగా నుండుటచే అదియే క్షేమమని మేమెల్లరము తలచితిమి. వల బాగుచేసికొనుచున్న ముసలివాడొకడు తలయెత్తి, “అల ఇరగని కాడ దిగబాకండమ్మా. ఆడే లాగుద్ది” అనెను. ఒడ్డెక్కిన నీరు మరలిపోవుటకు ఇసుకలో కాలువవంటి దారి చేసికొనును. అచట లోతెక్కువ గనుక అల విఱుగదు. అందు చిక్కినవారు ఒడ్డువంకకు ఎదురీదిన అలసి మునుగుదురు. ఒడ్డువెంబడి ప్రక్కకు ఈది, ప్రవాహము దాటినపిమ్మట గట్టు చేరవలెను. ఈతరానివారు వెల్లకిల తేలి చేయియెత్తవలెను. ఒడ్డుననున్నవారు వెంట దుమికిన ఇరువురకును ముప్పు; త్రాడో, మూతబిగించిన ఖాళీ డబ్బాయో విసరి 108కు ఫోను చేయవలెను.

చిత్రణదినమున మాలో నొకరము కెమెరావంక చూడక నీటినే చూచుటకు నియమింపబడితిమి. చేత ఈల. అది మ్రోగిన మాఱుమాట లేక అందఱును పైకి రావలెను. నీరు పాదము దాటరాదని ముందే మాట.

సంజవేళ పాట మంచిపట్టున నుండగా, పాడు బాలిక చట్రములో ఇముడుటకై అడుగడుగు వెనుకకు జరిగి, మోకాలిలోతునకు బోయెను. ఈల వేసితిమి. కెమెరాపిల్ల, “అయ్యో, పెద్దమ్మా! ఒక్క నిమిషం” అని విసుగుకొనెను. మఱల వేసితిమి. బాలిక పైకి వచ్చుసరికి వెనుకటి యల ఆమె చెప్పు నొకదానిని ఊడ్చుకొనిపోయెను. అది ఒడ్డునకు రాలేదు. ప్రక్కకు కొట్టుకొనిపోయి, ఆ నున్నని నీటిలో బడి, మేము చూచుచుండగనే దూరమైపోయెను.

కొంతసేపెవ్వరును మాటాడలేదు. తరువాత కెమెరాపిల్లయే ఇసుకపై బోర్లపండుకొని, యంత్రమును నేలకానించి పాట మఱల దీసెను. తెరపై అలలు ఆ బాలిక భుజములను తాకుచున్నట్లే కనబడును. ఆమె నిలిచినది పొడియిసుకలో, ఒంటిచెప్పుతో.